హైస్కూలు పిల్లలకు మీడియా అక్షరాస్యత: ముందు టీచర్లను ఎలా సిద్ధం చేయాలి?

వాయుగుండం పడిందంటే చాలు, నెల్లూరు జిల్లాలో కలెక్టరు కంటే ముందు వాట్సాప్ సెలవు ప్రకటిస్తుంది. తేదీ కత్తిరించిన నిరుటి ఉత్తర్వు స్క్రీన్‌షాట్ ఒకటి రాత్రి ఎనిమిదికల్లా స్టాఫ్ గ్రూపుల్లో తిరుగుతుంటుంది. దాన్ని తిప్పేది పిల్లలు కాదు, టీచర్లమైన మనమే. అందుకే పిల్లలకు మీడియా అక్షరాస్యత, అంటే తమకు చేరిన వార్త ఎంతవరకు నిజమో పరీక్షించడం, నేర్పే పని టీచర్ల ఫోన్ల నుంచే మొదలు కావాలని నా అభిప్రాయం. తన స్టాఫ్ గ్రూపులో వచ్చిన జీవోను పరీక్షించడం తెలియని టీచరు, తొమ్మిదో తరగతి పిల్లవాడికి వార్తను పరీక్షించడం నేర్పలేడు.

కాంప్లెక్స్ మీటింగు (చుట్టుపక్కల బడుల టీచర్ల సమావేశం) నడిపే హెచ్.ఎం.లు, శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్లు, పల్లిపాడు, మైనంపాడు డైట్‌లలో (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థల్లో) బోధించేవాళ్ళు కింద చెప్పబోయే పద్ధతిని వాడుకోవచ్చు. పదవేమీ లేకపోయినా ఆసక్తి ఉన్న ఒక్క స్కూల్ అసిస్టెంట్ చొరవ తీసుకుంటే చాలు. 8, 9, 10 తరగతులను దృష్టిలో పెట్టుకుని రాశాను.

ఒక్క రోజు వర్క్‌షాపు పెట్టకండి

మనకు అలవాటైన శిక్షణ ఎలా ఉంటుందో తెలిసిందే. ఉదయం రిజిస్ట్రేషన్, పీపీటీ, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం గ్రూప్ ఫోటో. ఈ విషయానికి అది పనికిరాదు. 2019 లోక్‌సభ ఎన్నికల సమయంలో బీహార్‌లోని గయ ప్రాంతంలో పరిశోధకులు ఇంటింటికీ వెళ్ళి గంటసేపు శిక్షణ ఇస్తే మొత్తం మీద పెద్ద తేడా కనిపించలేదు. తర్వాత అదే రాష్ట్రంలో 583 గ్రామాల్లో, 8 నుంచి 12 తరగతుల పిల్లలు 13,500 మందికి పైగా ఉన్న ఒక ప్రయోగం జరిగింది. అందులో పిల్లలకు 14 వారాల్లో నాలుగు తరగతులు చెప్పారు. నెలల తర్వాత కూడా ఆ పిల్లలు నిజాన్నీ అబద్ధాన్నీ మెరుగ్గా విడదీయగలిగారు. ఇంకో విశేషం, వాళ్ళ తల్లిదండ్రుల్లోనూ మార్పు కనిపించింది.

కాబట్టి శిక్షణను నాలుగు ముక్కలు చేయండి. ఒక్కోటి రెండు గంటలు. జూలై, ఆగస్టు, సెప్టెంబరు, నవంబరు నెలల కాంప్లెక్స్ మీటింగుల్లో అడిగితే ఆ సమయం దొరుకుతుంది. డిసెంబరు దాటితే పదో తరగతి ప్రత్యేక క్లాసుల టెన్షన్‌లో ఎవరూ మన మాట వినరు. ప్రతి రెండు విడతల మధ్య ప్రతి టీచరూ తన బడిలో కనీసం ఒక పీరియడ్ ఈ పాఠం చెప్పి రావాలి. ఈ ఒక్క షరతు మీద మాత్రం రాజీ పడకండి. చెప్పి రానివాళ్ళు రెండో విడతలో కూర్చున్నా వాళ్ళకు పట్టుబడేది తక్కువ.

బ్యాచ్‌లో 25 నుంచి 30 మంది ఉంటే సరిపోతుంది. సోషల్ టీచర్లనే పిలిచే అలవాటు మానుకోవాలి. అబద్ధపు వార్తల్లో చాలా ఆరోగ్యం గురించి, ఇంకొన్ని అంకెల గురించి వస్తాయి కాబట్టి బయాలజీ, మ్యాథ్స్ వాళ్ళు తప్పకుండా ఉండాలి.

ముందు నమూనాలు పోగు చేయండి

మొదటి విడతకు రెండు మూడు వారాల ముందు నుంచే టీచర్లను తమకు వచ్చిన ఫార్వర్డులు పంపమని అడగండి. డీఏ (కరువు భత్యం), పీఆర్సీ (వేతన సవరణ), బదిలీలు, సెలవులు, ఆరోగ్య చిట్కాలు, ఉచిత రీఛార్జి లింకులు, తుఫాను కబుర్లు, అన్నీ రానివ్వండి. వాటిని నాలుగు కుప్పలు చేయాలి: నిజమైనవి, పూర్తిగా అబద్ధమైనవి, పాతవాటికి కొత్త తేదీ తగిలించినవి, అసలు నిజమే అయినా మెలిక పెట్టినవి. నిజమైనవి సుమారు సగం ఉండేలా చూసుకోండి. ఎందుకో చివర్లో చెబుతాను.

ప్రతిదాన్నీ ఏ4 కాగితం మీద ప్రింటు తీసి, అడ్డంగా పెద్ద అక్షరాలతో ‘శిక్షణ నమూనా’ అని ముద్ర వేయండి. ఫోన్ నంబర్లు, పేర్లు, ముఖాలు చెరిపేయాలి. ఆడపిల్లల ఫోటోలున్న నమూనాలైతే అసలు ముట్టుకోకండి. ఎవరూ ఆ కాగితాలను ఫోనులో ఫోటో తీయకూడదని మొదటే చెప్పండి. అబద్ధం నేర్పడానికి తయారు చేసిన కాగితం మన చేతుల మీదుగానే ఊళ్ళోకి వెళ్తే ఇంకేమైనా ఉందా!

కాగితమే ఎందుకంటే, 2023 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం బడుల్లో ఫోన్ల మీద ఆంక్షలు పెట్టింది. పిల్లలు తేకూడదు, టీచర్లు క్లాసులోకి తీసుకెళ్ళకూడదు. ఐఎఫ్‌పీ ప్యానెల్ (గోడకు బిగించిన పెద్ద టచ్ స్క్రీన్) ఉన్న బడుల్లో ఒకటి రెండు ఫోటోలు పెద్దగా చూపించవచ్చు. కానీ నెట్ ఉంటేనే జరిగే పాఠం ఉదయగిరి వైపో, కనిగిరి వైపో బడుల్లో సగం రోజులు జరగదు. నెట్ లేకుండా నడిచే పాఠాన్నే తయారు చేసుకోవాలి.

మొదటి విడత: జీవో పరీక్ష

పరిచయ ఉపన్యాసం వద్దు. టీచర్లు కూర్చోగానే ఒక్కొక్కరి చేతిలో ఒక ఉత్తర్వు కాగితం పెట్టండి. అసలు జీవోలు కొన్ని, నకిలీవి కొన్ని, నిరుటివి కొన్ని. ఐదు నిమిషాలు ఎవరితోనూ మాట్లాడకుండా చదివి, కింద మూడింటిలో ఒకటి రాయాలి: నమ్ముతాను, నమ్మను, ఇంకా తేల్చుకోలేదు. మూడో సమాధానం కూడా మంచి సమాధానమేనని నొక్కి చెప్పండి. టీచర్లకు ‘తెలియదు’ అని రాయడం నామోషీగా ఉంటుంది, ఆ బెరుకు మొదటి పూటే పోవాలి.

తర్వాత అసలు ప్రశ్న వేయండి: దీన్ని ఎలా నిర్ధారిస్తారు? చాలామంది అక్షర దోషాలు, ముద్ర, సంతకం అంటూ ఆ కాగితంలోనే వెతుకుతారు. ఇక్కడే ఆపి మలుపు తిప్పాలి. జీవో నంబరు, తేదీ, శాఖ పేరు పట్టుకుని ప్రభుత్వ జీవోల సైటులో చూడటం, మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసుకు ఫోన్ చేయడం, జిల్లా సమాచార శాఖ ప్రకటన వచ్చిందేమో చూడటం... ఇవన్నీ కాగితం బయటికి వెళ్ళి చేసే పనులు.

దీని వెనక ఒక పరిశోధన ఉంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ కలిసి చరిత్ర ఆచార్యులను, విద్యార్థులను, వృత్తిరీత్యా వార్తలు సరిచూసే ఫ్యాక్ట్ చెకర్లను ఒకే వెబ్‌సైట్ల ముందు కూర్చోబెట్టారు. చదువుకున్న ఆచార్యులు చాలామంది ఆ పేజీనే పైనుంచి కిందికి శ్రద్ధగా చదివి మోసపోయారు. ఫ్యాక్ట్ చెకర్లు పేజీని అట్టే చదవకుండా వెంటనే వేరే ట్యాబులు తెరిచి, ఈ సంస్థ గురించి మిగతావాళ్ళు ఏమంటున్నారో చూశారు. వాళ్ళు తక్కువ సమయంలో ఎక్కువ సరిగ్గా తేల్చారు. శ్రద్ధగా చదవమని జీవితమంతా చెప్పిన టీచర్లకు ఈ సంగతి మింగుడుపడదు, వాదిస్తారు. వాదించనివ్వండి. ఇప్పుడు ఏఐతో రాసిన అబద్ధంలో అచ్చుతప్పు కూడా ఉండదని గుర్తు చేస్తే దారికి వస్తారు.

పిల్లలకు ఇదే పద్ధతిని మూడు ప్రశ్నలుగా ఇవ్వండి. ఇది ఎవరు చెబుతున్నారు? వాళ్ళకెలా తెలిసింది? వేరేవాళ్ళు ఏమంటున్నారు? ఇంతకు మించి పెద్ద జాబితాలు పెట్టకండి. పది పాయింట్ల చార్టు గోడ మీద బాగుంటుంది, బుర్రలో ఉండదు.

నెట్ లేని క్లాసులో మూడో ప్రశ్నకు జవాబు ఎక్కడినుంచి వస్తుంది? కవర్లలోంచి. ప్రతి నమూనాకూ మూడు కవర్లు చేయండి. మొదటి దానిలో పోస్టు. రెండో దానిలో, దాని గురించి మీరు ఇంట్లో వెతికితే వచ్చిన ఐదారు ఫలితాల శీర్షికలు, సైట్ల పేర్లు, తేదీలు. మూడో దానిలో వాటిలో రెండింటి పూర్తి పాఠం. పిల్లలు గుంపులుగా కూర్చుని, కారణం చెప్పి తర్వాతి కవరు అడిగి తీసుకోవాలి. ‘ఊరికే ఇవ్వండి సార్’ అంటే ఇవ్వకూడదు. ఏ శీర్షికను ముందు తెరుస్తారు, ఎందుకు అన్న చర్చలోనే అసలు నేర్పు వస్తుంది.

ఇంకొక ప్రశ్న కూడా టీచర్లను అడగండి: ఈ నకిలీ జీవోను మీరు ఎందుకు పంపారు? మంచి కబురు కదా అని, ఆలస్యమైతే పనికిరాదని, పంపినాయన పెద్దమనిషని. పిల్లలు చెప్పే కారణాలూ ఇవే.

రెండో విడత: కృష్ణపట్నం మందు

ఆరోగ్య వార్తలకు మన జిల్లాలోనే ఇంత పెద్ద పాఠం ఉండగా వేరే ఉదాహరణ ఎందుకు? 2021 మేలో, కరోనా రెండో ఉద్ధృతిలో, ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో నాటువైద్యుడు ఆనందయ్య ఉచితంగా ఇచ్చిన కరోనా మందు కోసం వేలమంది ఎగబడ్డారు. రద్దీ అదుపు తప్పి పంపిణీ ఆగింది. పరీక్షలు జరిగాయి. మే 31న రాష్ట్ర ప్రభుత్వం కంట్లో వేసే చుక్కలు తప్ప మిగతా మందులకు అనుమతి ఇచ్చింది. అదే సమయంలో, ఈ మందుతో కరోనా నయమవుతుందనడానికి ఆధారాల్లేవని, డాక్టర్లు రాసిన మందులు ఆపవద్దని కూడా చెప్పింది.

క్లాసులో చేయాల్సిన పని ఇది. ఆ ప్రకటన సారాంశాన్ని బోర్డు మీద రాసి, సగం గుంపులను ‘అనుమతి’ కనిపించేలా శీర్షిక రాయమనండి, మిగతా సగాన్ని ‘ఆధారాల్లేవు’ కనిపించేలా. రెండూ నిజాలే. ఒక్కటే చదివి ఫోను మూసినవాడికి ఏమర్థమవుతుంది? ఆ తర్వాత ‘హాని లేదు’, ‘పనిచేస్తుంది’ అనే రెండు మాటల మధ్య ఎంత దూరముందో చర్చించండి. ఆ రోజుల్లో ఈ రెండూ ఒకటేనన్నట్టు ఊరూరా తిరిగాయి.

మూడో మెట్టు వీడియో సాక్ష్యం. చుక్కలు వేయగానే కోలుకున్నానని ఒక రోగి చెప్పిన వీడియో విపరీతంగా తిరిగింది. కొద్ది రోజులకు ఆయన ఆస్పత్రిలో చనిపోయారు. వీడియో అబద్ధం కాదు, ఆయన ఆ క్షణంలో తనకు అనిపించింది చెప్పారు. ఒక మనిషి అనుభవం ఒక మందుకు రుజువు ఎందుకు కాదో బయాలజీ టీచరు ఇక్కడ వివరించాలి: ఎంతమందికి ఇచ్చారు, ఇవ్వనివాళ్ళతో పోల్చారా, ఎన్ని రోజులు చూశారు?

ఒక జాగ్రత్త. నెల్లూరు పిల్లల్లో ఆ మందు తీసుకున్న ఇళ్ళవాళ్ళు ఉంటారు, ఆ నెలల్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళూ ఉంటారు. ఎవరినీ వెక్కిరించే మాట రాకూడదు. ఆక్సిజన్ బెడ్డు దొరకని రోజుల్లో జనం ఆ వరుసలో ఎందుకు నిలబడ్డారో అర్థం చేయించడం కూడా పాఠంలో భాగమే. భయంలో ఉన్నప్పుడు మనం ఏది నమ్ముతామన్నది పిల్లలు తమ మాటల్లో చెప్పాలి.

మూడో విడత: పేపరు

ఏ పేపరు ఏ పార్టీ వైపో మన దగ్గర టీ బంకులో కూర్చున్నవాళ్ళకీ తెలుసు. టీచర్లకు ఇంకా బాగా తెలుసు, వాళ్ళలోనూ రెండు వర్గాలుంటాయి. కాబట్టి ఈ విడతను మొండిగా ఒకే పద్ధతిలో నడపాలి: ఒకే రోజు మూడు పేపర్లు, ఒకే వార్త, అదీ పార్టీలతో సంబంధం లేనిది. సోమశిల నీటి విడుదలో, పొగాకు వేలమో, రొయ్యల ధరో తీసుకోండి. శీర్షికలో ఏ మాట వాడారు, ఎవరిని మాట్లాడించారు, ఎవరిని వదిలేశారు, ఏ పేజీలో వేశారు? ఇది చేతికి వచ్చాక రాజకీయ వార్త మీద అదే పని పిల్లలు తమంతట తామే ఇంట్లో చేసుకుంటారు. క్లాసులోకి దాన్ని తేనక్కరలేదు.

జిల్లా ఎడిషన్‌ను ప్రత్యేకంగా చూడండి. ప్రకటనకూ వార్తకూ గీత అక్కడే చెరిగిపోతుంది. కాలేజీ ర్యాంకుల ‘వార్త’ పక్కన మూలలో ప్రకటన అని ఎంత చిన్న అక్షరాల్లో వేశారో, అసలు వేశారో లేదో వెతికించండి. మండల విలేకరి మీద ప్రకటనలు తెచ్చే బాధ్యత కూడా పడుతుందని పిల్లలకు చెప్పడంలో తప్పులేదు. వార్త ఎలా తయారవుతుందో తెలియకుండా వార్తను చదవడం రాదు. వీలైతే విలేకరినే ఒక పీరియడ్‌కు పిలిచి, నిన్నటి వార్త ఎలా రాశారో చెప్పించండి.

మ్యాథ్స్ వాళ్ళకు ఇక్కడ మంచి పని ఉంది. పొగాకు వేలం రోజున శీర్షికలో గరిష్ఠ ధర ఉంటుంది, రైతు చేతికి వచ్చేది సగటుకు దగ్గరగా ఉంటుంది. టంగుటూరు, కొండపి, కలిగిరి వేలం కేంద్రాల అంకెలు తెచ్చి రెండూ లెక్కగట్టించండి. 100 కౌంటు (కిలోకు వంద తూగే) రొయ్యల ధర కిలో 220 రూపాయల నుంచి 200కు తగ్గిందనుకుని రెండు గ్రాఫులు గీయించండి. ఒకటి సున్నా నుంచి, ఇంకోటి 190 నుంచి. రెండోదానిలో ధర పాతాళానికి పడినట్టు కనిపిస్తుంది. అంకె ఒక్కటీ మారలేదు.

ఇదంతా చేశాక పిల్లలు ‘పేపర్లన్నీ అబద్ధాలే సార్’ అనే చోటికి వచ్చే ప్రమాదముంది. అప్పుడు మన జిల్లాలోని దూబగుంట ఊరి సంగతి చెప్పండి. 1992లో అక్షరాస్యత తరగతుల్లో చదువుకున్న ఆడవాళ్ళు సారా మీద తిరగబడితే, ఆ కబురును జిల్లా దాటించి రాష్ట్రమంతా తెలిసేలా చేసింది పత్రికలే.

నాలుగో విడత: ఫోటోలు, వీడియోలు, ప్రకంపనలు

నెల్లూరు రొట్టెల పండుగ ఫోటో ఒకటి ఇచ్చి ఏ సంవత్సరానిదో చెప్పమనండి. ఈ పండుగ మొహర్రం నెలలో వస్తుంది కాబట్టి ఏటా సుమారు పదకొండు రోజులు ముందుగా వస్తుంది. 2019లో సెప్టెంబరులో జరిగింది, 2025లో జూలైలో జరిగింది. స్వర్ణాల చెరువులో నీళ్ళెంత ఉన్నాయి, జనం గొడుగులు పట్టుకున్నారా, ముఖాలకు మాస్కులున్నాయా, ఫ్లెక్సీ మీద ఎవరి బొమ్మ ఉంది? పిల్లలు ఎంత చురుగ్గా పట్టుకుంటారో చూస్తే టీచర్లకే ఉత్సాహం వస్తుంది. గూగుల్ లెన్స్‌తో పాత ఫోటో వెతకడం టీచర్లు తమ ఫోన్లలో అక్కడే ప్రాక్టీసు చేయాలి.

ప్రకాశం జిల్లా టీచర్లకు భూకంపం కబురు బాగా సరిపోతుంది. 2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్ళూరు మండలాల్లో వరుసగా స్వల్ప ప్రకంపనలు వచ్చాయి. 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో భూకంపం వచ్చిన చరిత్ర ఉంది. అందువల్ల ‘రేపు రాత్రి రెండు గంటలకు పెద్దది రానుంది’ అనే మెసేజీ వస్తే అక్కడి జనం నమ్మడం సహజం. రెండు సంగతులు నేర్పండి. జరిగిన ప్రకంపన వివరం జాతీయ భూకంప అధ్యయన కేంద్రం సైటులో సమయం, తీవ్రతలతో సహా ఉంటుంది. జరగబోయే దాని తేదీ, గంట ముందుగా చెప్పగల శాస్త్రం ఇంకా లేదు. కాబట్టి గంట చెప్పిన మెసేజీ ఆ గంట చెప్పినందుకే అబద్ధం.

తుఫానుకు మాత్రం ముందస్తు హెచ్చరిక నిజంగానే ఉంటుంది, దాన్ని నమ్మాలి. వాతావరణ శాఖ రంగుల్లో పసుపు అంటే గమనిస్తుండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే వెంటనే చర్య తీసుకోమని అర్థం.

డీప్‌ఫేక్ (ఏఐతో ముఖమో గొంతో మార్చిన నకిలీ వీడియో) గురించి పది నిమిషాలు చాలు. 2023 నవంబరులో రష్మిక మందన్న ముఖాన్ని వేరే మహిళ వీడియోకు అతికించారు. మరుసటి జనవరిలో ఢిల్లీ పోలీసులు గుంటూరు జిల్లా యువకుణ్ణి అరెస్టు చేశారు. ఆ వీడియోను చూపించకండి, సంగతి చెప్పండి చాలు. ఆడపిల్లలకు ఇలాంటిది ఎదురైతే తప్పు వాళ్ళది కాదని, టీచరమ్మకు చెప్పవచ్చని, 1930 సైబర్ నంబరు, 1098 చైల్డ్‌లైన్ ఉన్నాయని స్పష్టంగా చెప్పాలి.

సరిచూసే సంస్థల గురించి కూడా ఈ విడతలోనే. హైదరాబాదు నుంచి నడిచే ఫ్యాక్ట్‌లీ తెలుగులోనూ రాస్తుంది. పీఐబీ (కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయం) ఫ్యాక్ట్ చెక్ కేంద్ర ప్రభుత్వానికి సంబంధించిన వార్తలనే చూస్తుంది, అదీ ప్రభుత్వం తరఫున. వీళ్ళు చెప్పినదాన్నీ ఆ మూడు ప్రశ్నలతోనే చూడాలి.

ప్రతి విడతలో చివరి నలభై నిమిషాలు

ఇద్దరు టీచర్లు నిలబడి, మిగతావాళ్ళను తొమ్మిదో తరగతి పిల్లలనుకుని పాఠం చెప్పాలి. గమనించేవాళ్ళు ఒక్కటే రాయాలి: టీచరు ఎన్నిసార్లు జవాబు తనే చెప్పేశారు? ‘ఇది ఫేక్ రా’ అని మనమే తేల్చేయడం మన వృత్తిలో వదలని జబ్బు. పిల్లవాడు తప్పు దారిలో వెళ్తున్నా రెండు నిమిషాలు ఆగగలగాలి.

ఇంటి సంగతి కూడా ఇక్కడే అభ్యాసం చేయించండి. బడిలో నేర్చుకున్న పిల్ల ఇంటికెళ్ళి, ‘నువ్వు పంపింది అబద్ధం’ అంటే నాయన చేతిలో దెబ్బ తింటుంది, మన పాఠం అక్కడితో సరి. ‘నాయనా, ఇది నీకెవరు పంపినారు? వాళ్ళకెట్లా తెలిసిందంట?’ అని అడగడం నేర్పండి. ఆ అడిగే తీరును ఇద్దరిద్దరు పిల్లలతో నాటికలా వేయించవచ్చు. పిల్లలకు ఇది భలే ఇష్టం.

మతం, కులం, పార్టీ ఉన్న నమూనాలు మొదటి ఏడాది వద్దు. పిరికితనం అనుకుంటే అనుకోనివ్వండి. ఊళ్ళో గొడవ జరిగితే ఇబ్బంది పడేది రిసోర్స్ పర్సన్ కాదు, ఆ బడి హెచ్.ఎం.

ఫలితం కొలవడం

మొదటి విడతకు ముందు, నాలుగో విడత తర్వాత పిల్లలకు పన్నెండు వార్తల కాగితం ఇవ్వండి. ఆరు నిజాలు, ఆరు అబద్ధాలు, రెండుసార్లూ వేర్వేరు వార్తలు. రెండు అంకెలు విడివిడిగా రాసుకోవాలి: ఎన్ని అబద్ధాలను నమ్మారు, ఎన్ని నిజాలను కొట్టేశారు. నమూనాల్లో సగం నిజాలుండాలని అందుకే అన్నాను. మొదటి అంకె తగ్గి, రెండో అంకె పెరిగితే పిల్లలకు అనుమానం తప్ప ఇంకేమీ నేర్పలేదన్నమాట. అలాంటి బడుల్లో తర్వాతి నెల నిజమైన వార్తలనే కవర్లలో పెట్టి, అవి నిజమని ఎలా తేలిందో చెప్పించండి. మార్కులు వేయకండి, పేర్లు రాయించకండి.

నాలుగు విడతలయ్యాక ప్రతి కాంప్లెక్స్ మీటింగులో పదిహేను నిమిషాలు దీనికి ఉంచమని హెచ్.ఎం.ను అడగండి. ఆ నెల స్టాఫ్ గ్రూపులో వచ్చిన ఒక ఫార్వర్డును ఒక టీచరు తీసుకుని, తను ఎక్కడెక్కడ సరిచూశారో చెబుతారు. ఆ కాగితం, దాని మూడు కవర్లు కాంప్లెక్స్ లైబ్రరీ బీరువాలోకి వెళ్తాయి. వచ్చే జూన్‌లో బదిలీ మీద వచ్చే టీచరుకు పాఠాలు అక్కడ సిద్ధంగా ఉంటాయి.